బిలియర్డ్స్ బల్ల గుడ్డపై మరకల శుభ్రత

బిలియర్డ్స్, స్నూకర్, పూల్ ఆటల బల్లపై బిగించి పరచే ఉన్ని వస్త్రాన్ని బిలియర్డ్స్ బల్ల గుడ్డ అంటారు. దీనిపై నీరు, టీ, శీతల పానీయాలు మొదలైనవి ఒలికినప్పుడు, మరకలు పడినప్పుడు గుడ్డ పాడవకుండా శుభ్రపరచే విధానం సాధారణ బట్టల ఉతుకుకు పూర్తిగా భిన్నమైనది. ఒంటిపై ధరించే బట్టను విప్పి, నానబెట్టి, ఎన్నిసార్లయినా జాడించవచ్చు. బల్లపై బిగించిన గుడ్డను జాడించడానికి వీలు లేదు. అందువలన దానిపై పోసినది ఏదైనా, అది మరకను పోగొట్టడానికి పోసిన సబ్బు అయినా సరే, చాలావరకు ఆ గుడ్డలోనే ఉండిపోతుంది.

ఈ శుభ్రతకు ఆధారమైన సూత్రం ఒక్కటే. బల్లపై మరక ఉండడం వేరు, బల్ల ఆటకు పనికిరాకపోవడం వేరు. రంగు మాత్రమే మారిన చోట బంతి యథాప్రకారం దొర్లుతుంది. మరకను పోగొట్టే ప్రయత్నంలో గుడ్డను గట్టిగా రుద్దినా, వేడి తగిలించినా, ఘాటైన రసాయనాలు వాడినా ఆ చోట ఉన్ని ముద్దకట్టడం, సాగడం, పలుచబడడం జరుగుతుంది. అప్పుడు బంతి దారి తప్పుతుంది. అందుచేత పాక్షికంగా పోయిన మరకతో సరిపెట్టుకొనడమే అనేక సందర్భాలలో సరైన నిర్ణయం.

గుడ్డ స్వరూపం

ఈ గుడ్డను వాడుకలో ఫెల్ట్ అని పిలవడం కద్దు. నిజానికి ఇది ఫెల్ట్ కాదు. ఫెల్ట్ అనగా ఉన్ని పోగులను తడిపి, వేడిచేసి, ఒత్తి, నేయకుండానే తయారుచేసే దళసరి పలక. బిలియర్డ్స్ గుడ్డ మాత్రం పడుగు, పేకలతో మగ్గంపై నేసిన వస్త్రం. పూర్తిగా ఉన్నితో గాని, ఉన్నిలో కొంత పాలు నైలాన్ కలిపి గాని దీనిని నేస్తారు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి.

* నూగు గల గుడ్డ: స్నూకర్, ఇంగ్లీషు బిలియర్డ్స్ బల్లలపై వాడతారు. దీని ఉపరితలంపై సన్నని నూగు ఒకే దిశగా వాలి ఉంటుంది. స్నూకర్ బల్లపై ఈ నూగు బాక్ గీత ఉన్న వైపు నుండి నల్లబంతి ఉంచే వైపుకు వాలేటట్లు గుడ్డను పరుస్తారు. చేతితో ఆ దిశగా నిమిరితే నున్నగాను, ఎదురుగా నిమిరితే గరుకుగాను తగులుతుంది.
* నూగు లేని గుడ్డ: పూల్ బల్లలపైన, పాకెట్లు లేని క్యారమ్ బిలియర్డ్స్ బల్లలపైన ఎక్కువగా వాడతారు. దువ్విన పొడవైన ఉన్ని పోగులను గట్టిగా పురిపెట్టి నేయడం వలన ఇది నున్నగా ఉంటుంది. దీనిపై బంతులు వేగంగా దొర్లుతాయి. ఇంగ్లాండు తరహా చిన్న పూల్ బల్లలలో నూగు గల గుడ్డ కూడా కనిపిస్తుంది.

గుడ్డ కింద పలకరాయి ఉంటుంది. పూర్తి పరిమాణంలోని స్నూకర్ బల్లలో ఆట జరిగే వైశాల్యం 3,569 మిల్లీమీటర్ల పొడవు, 1,778 మిల్లీమీటర్ల వెడల్పు. ఇంత పెద్ద రాయిని ఒకే ముక్కగా అమర్చడం కష్టం గనుక సాధారణంగా ఐదు పలకలను పక్కపక్కన చేర్చి, అతుకులను పూడ్చి, చదును చేస్తారు. చవకైన ఇంటి బల్లలలో రాయికి బదులు చెక్కపొట్టును అదిమి తయారుచేసిన అట్ట వాడతారు. నీరు తగిలినప్పుడు రాయికి, అట్టకు మధ్య గల తేడా ఎంతో ముఖ్యమైనది. రాయి నీటిని దాదాపు పీల్చదు. అట్ట నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరిన తరువాత కూడా పూర్వపు చదును తిరిగి రాదు.

చరిత్ర

ఐరోపాలో పచ్చికబయళ్లపై ఆడిన బంతి ఆటలు 15వ శతాబ్దంలో ఇంటిలోని బల్లపైకి మారినప్పుడు బిలియర్డ్స్ రూపుదిద్దుకున్నది. బల్లపై ఆకుపచ్చ గుడ్డ పరచడం ఆ పచ్చికకు గుర్తు అని చెబుతారు. నేటి బెల్జియంలోని వెర్వియే ప్రాంతం ఉన్ని నేతకు పేరుపొందినది. అక్కడి ఇవాన్ సిమోనిస్ సంస్థ 1680 నుండి ఈ పరిశ్రమలో ఉన్నది. ఇంగ్లాండులో గ్లాస్టర్‌షైర్ ప్రాంతపు మిల్లులు స్నూకర్ గుడ్డకు ప్రసిద్ధి చెందాయి. 19వ శతాబ్దపు పూర్వార్ధంలో లండన్‌కు చెందిన జాన్ థర్‌స్టన్ చెక్క బల్లకు బదులు పలకరాయిని వాడుకలోకి తెచ్చాడు.

ఈ క్రీడల చరిత్రలో భారతదేశానికి ప్రత్యేక స్థానం ఉన్నది. స్నూకర్ 1875లో జబల్‌పూరులోని సైనికాధికారుల భోజనశాలలో పుట్టినదని, దానికి నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి ఆద్యుడని ప్రసిద్ధి. ఇతడు తరువాతి కాలంలో బ్రిటన్ ప్రధానమంత్రి అయిన అదే పేరుగల వ్యక్తి కాడు. ఆట నియమాలు ఊటీ క్లబ్బులో స్థిరపడ్డాయి. క్లబ్బులు, సంస్థానాధీశుల భవనాల ద్వారా ఈ బల్లలు దేశమంతటా వ్యాపించాయి. హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్‌లో నేటికీ బిలియర్డ్స్ గది ఉన్నది. క్లబ్బులలో ఆటగాళ్ల పాయింట్లు లెక్కించే ఉద్యోగిని మార్కర్ అంటారు. గుడ్డను బ్రష్‌తో దువ్వడం, ఇస్త్రీ చేయడం, ఒలికిన పానీయాన్ని తుడవడం కూడా సాధారణంగా అతని పనులే.

ఉన్నిపై ద్రవం పడినప్పుడు జరిగేది

ఉన్ని పోగు వెంట్రుక వలె కెరాటిన్ అనే ప్రోటీనుతో ఏర్పడినది. పోగు పైపొరకు సహజంగా కొవ్వు వంటి పూత ఉంటుంది. ఇది నీటిని వెంటనే లోనికి రానీయదు. వానలో గొంగడి కప్పుకున్న గొర్రెల కాపరి కొంతసేపటి వరకు తడవకుండా ఉండడానికి ఉన్నికి గల ఈ గుణం కూడా ఒక కారణం. బల్ల గుడ్డపై పడిన నీటి బొట్టు కూడా కొద్ది క్షణాలు ముత్యం వలె నిలుస్తుంది. మరకను నివారించడానికి ఆ క్షణాలే అత్యంత విలువైనవి. ఆ వ్యవధి దాటిన తరువాత ద్రవం పోగుల నడుమకు, ఆపై పోగుల లోనికి చేరుతుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొనగలదు. పైకి పొడిగా తోచినా లోపల తేమ మిగిలి ఉండడానికి ఇదే కారణం.

ఉన్ని పోగుపై చేప పొలుసుల వంటి నిర్మాణాలు ఉంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తే ఈ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని పోగులు ముద్దకడతాయి. వేడినీటిలో ఉతికిన స్వెట్టరు కుదించుకుపోయి దళసరిగా మారడం దీనికి నిదర్శనం. ఇలా ముద్దకట్టిన ఉన్నిని పూర్వస్థితికి తీసుకురావడం సాధ్యం కాదు. మరకపై వేడినీరు పోసి రుద్దడం అనగా ఈ మూడు కారణాలనూ స్వయంగా సమకూర్చడమే.

మరక అంచున వలయం ఏర్పడడానికి వేరొక కారణం ఉన్నది. తడిసిన భాగం అంచున నీరు త్వరగా ఆవిరవుతుంది. మధ్యలోని నీరు అంచు వైపుకు కదులుతూ తనలో కరిగిన చక్కెర, లవణాలు, మురికి, చాక్ పొడిని అక్కడికి చేరవేస్తుంది. నీరు ఆరిపోయి అవి మిగులుతాయి. ఈ కారణంగా స్వచ్ఛమైన నీరు ఒలికినా పాత గుడ్డపై వలయం పడవచ్చు. ఉప్పుశాతం ఎక్కువగా ఉండే బోరు నీటితో తుడిస్తే ఈ వలయం మరింత తెల్లగా కనిపిస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీల కొరకు దుకాణాలలో అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఈ పనికి అనువైనది.

ఒలికిన వెంటనే చేయవలసిన పనులు

1. ఆట ఆపి, బంతులను తీసివేయాలి. తడిసిన గుడ్డపై బంతి దొర్లితే ద్రవం మరింత దూరం వ్యాపిస్తుంది. బల్ల కింద విద్యుత్ హీటరు ఉన్నట్లయితే ముందుగా దాని స్విచ్ కట్టివేయాలి.
2. పొడిగా ఉన్న తెల్లని నూలు గుడ్డను గాని, రంగు, అచ్చు లేని పీల్చుడు కాగితాన్ని గాని ఒలికిన చోట పరచి అరచేతితో నిటారుగా నొక్కాలి. అటూ ఇటూ తుడవరాదు. రంగు తువ్వాలు, వార్తాపత్రిక వాడితే వాటి రంగు బల్లకు అంటుతుంది.
3. అంచు నుండి మధ్యకు రావాలి. మధ్య నుండి మొదలుపెడితే మరక వెడల్పవుతుంది.
4. ఒకసారి తడిసిన భాగాన్ని మళ్లీ బల్లపై పెట్టకుండా, ప్రతిసారి గుడ్డలోని పొడి భాగంతో అద్దాలి. తడి అంటడం ఆగిపోయేవరకు ఇలా చేయాలి.
5. ఒలికినది మంచినీరయితే పని ఇంతటితో ముగుస్తుంది. ఇతర ద్రవమయితే వేరొక తెల్లని గుడ్డను చల్లని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, బొట్టు కారకుండా గట్టిగా పిండి, మరకపై అద్దాలి. వెంటనే పొడి గుడ్డతో అద్ది ఆ తడిని తీసివేయాలి. ఈ రెండు పనులనూ ఒకదాని తరువాత ఒకటిగా మరక అంటడం ఆగేవరకు కొనసాగించాలి.
6. చివరగా నాలుగైదు మడతలు వేసిన పొడి తెల్లగుడ్డను ఆ చోట పరచి, దానిపై చదునైన బరువును కొన్ని గంటలపాటు ఉంచాలి. గుడ్డ ఆరుతున్నప్పుడు లోపలి మురికి తేమతోపాటు పైకి వస్తుంది. పైన పొడిగుడ్డ ఉంటే ఆ మురికి దానికి చేరుతుంది. లేనిచో బల్లపైనే నిలిచి, పోయినదనుకున్న మరక మరునాడు తిరిగి కనిపిస్తుంది. బరువుగా పుస్తకాలు పెట్టేటప్పుడు వాటి అట్టల రంగు అంటకుండా కింద ప్లాస్టిక్ కాగితం వేయాలి.

నీటిని నేరుగా బల్లపై పోయడం గాని, చల్లడం గాని ఎంత మాత్రం తగదు. తుడిచే గుడ్డలోని తేమ మాత్రమే బల్లకు తగలాలి.

మరకలు, వాటికి తగిన చర్యలు

పై పద్ధతితో పోని మరకలకు వాటి స్వభావాన్ని బట్టి చికిత్స చేస్తారు. ఏ ద్రావణాన్నయినా ముందుగా గుడ్డలో కనిపించని చోట, అనగా పాకెట్ లోపలికి మడిచిన అంచున లేదా బల్ల అమర్చినప్పుడు మిగిలిన ముక్కపై, ఒక బొట్టు వేసి చూడాలి. తెల్లగుడ్డతో అద్దినప్పుడు దానికి బల్ల రంగు అంటితే ఆ ద్రావణాన్ని వాడరాదు.

* టీ, కాఫీ: వీటిలోని టానిన్ల వలన గోధుమరంగు మరక పడుతుంది. సబ్బు, సోడా వంటి క్షారాలు తగిలితే టానిన్ మరకలు మరింత ముదురుతాయి. ఒక పాలు తెల్ల వెనిగర్‌కు నాలుగైదు పాళ్ల నీరు కలిపి, అందులో తడిపి పిండిన గుడ్డతో అద్ది, ఆపై నీటి తడితో అద్దాలి. పలుచని ఆమ్లం వలన ఉన్నికి హాని లేదు. పాలు కలిసిన టీ అయితే అందులోని ప్రోటీను కారణంగా వేడి తగలనీయరాదు.
* శీతల పానీయాలు, పండ్ల రసాలు: ఇందులో రంగు కన్నా చక్కెర వలన కష్టం ఎక్కువ. ఆరిన చక్కెర జిగటగా మారి చాక్ పొడిని, దుమ్మును పట్టుకుంటుంది. బంతికి కూడా అంటుతుంది. చల్లని నీటి తడితో అనేకసార్లు అద్ది చక్కెరను పూర్తిగా తీసివేయాలి. కంటికి మరక లేకపోయినా వేలికి జిగట తగిలితే పని ముగియనట్లే.
* బీరు, ద్రాక్ష సారాయి: బీరులోనూ చక్కెరలు ఉంటాయి గనుక పై విధంగానే చేయాలి. ఎర్ర ద్రాక్ష సారాయి మరకకు టీ మరక వలె చికిత్స చేయవచ్చు. మరకపై ఉప్పు చల్లే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఉప్పు తేమను పీల్చి గుడ్డను తడిగా ఉంచుతుంది, దాని కణాలు నేతలో చిక్కుకుంటాయి.
* రక్తం, పాలు, గుడ్డుసొన: ఇవి ప్రోటీను మరకలు. వేడి తగిలితే గుడ్డు ఉడికినట్లు గడ్డకట్టి పోగును పట్టుకుంటాయి. చల్లని నీరు మాత్రమే వాడాలి.
* నూనె, నెయ్యి: పకోడీలు, మిరపకాయ బజ్జీలు తిన్న చేతులతో ఆడితే ఈ మరకలు పడతాయి. నీటితో ఇవి పోవు. మరకపై మొక్కజొన్న పిండిని పలుచగా చల్లి, కొన్ని గంటలు ఉంచి, వాక్యూమ్ యంత్రంతో తీసివేయాలి. అవసరమైతే మరల చేయవచ్చు. పిండి పొడిగా ఉండగానే తీయాలి, తడిస్తే అదే గంజి అవుతుంది.
* పసుపు: పసుపులోని కర్కుమిన్ ఉన్నికి గట్టిగా పట్టే రంగు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అయినట్లే, పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. అందుచేత సబ్బు వాడరాదు. కర్కుమిన్ వెలుతురుకు కాలక్రమంలో వెలిసిపోతుంది. బల్లను ఎండకు పెడితే మరకతోపాటు గుడ్డ రంగు కూడా వెలుస్తుంది గనుక గదిలోని సహజమైన వెలుతురుకే వదలివేయడం మేలు.
* తాంబూలం: కాచు, సున్నం, తమలపాకు కలయిక వలన ఏర్పడే ఈ ఎర్రని మరక మొండిది. తాజాగా ఉన్నప్పుడు నీటి తడి, పలుచని వెనిగర్ కొంతవరకు పనిచేస్తాయి. ఆరిన మరక పూర్తిగా పోదు.
* కొవ్వొత్తి మైనం, చూయింగ్ గమ్: ప్లాస్టిక్ సంచిలో మంచు ముక్కలు వేసి మరకపై ఉంచితే ఇవి గట్టిపడి పెళుసుగా మారుతాయి. అప్పుడు మొద్దుగా ఉన్న చెంచా అంచుతో నెమ్మదిగా లేపాలి. నేత పోగులను పట్టి లాగరాదు.
* సిరా, బాల్‌పెన్: స్పిరిట్ వంటి ద్రావకాలు సిరాతోపాటు గుడ్డ రంగును కూడా కరిగించే ప్రమాదం ఉన్నది. చిన్న గీత అయితే వదలివేయడమే ఉత్తమం.

నీరు, వెనిగర్‌తో పోని మరకకు చివరి ప్రయత్నంగా ఉన్ని బట్టల కొరకు అమ్మే ద్రవ డిటర్జెంటును గ్లాసెడు నీటిలో ఒకటి రెండు చుక్కలు మాత్రమే కలిపి వాడవచ్చు. ఆ తరువాత డిటర్జెంటు మిగలకుండా నీటి తడితో ఎక్కువసార్లు అద్దాలి. మిగిలిపోయిన డిటర్జెంటు జిగటగా మారి దుమ్మును ఆకర్షిస్తుంది. కొద్ది వారాలలో మరక ఉన్న చోటే కొత్త నల్లని మచ్చ కనిపించడానికి తరచుగా ఇదే కారణం.

వాడరాని పదార్థాలు

* బ్లీచింగ్ పొడి, క్లోరిన్ ద్రావణాలు: ఇవి రంగును తీసివేయడమే కాక ఉన్ని పోగునే కరిగిస్తాయి.
* చాకలి సోడా, వంట సోడా, బట్టల సబ్బు, సాధారణ డిటర్జెంటు పొడులు, అమ్మోనియా: ఇవి క్షారాలు. ప్రోటీను పోగులను బలహీనపరుస్తాయి, అద్దకాన్ని కదిలిస్తాయి.
* ఎంజైములు కలిపిన డిటర్జెంట్లు: వీటిలో ప్రోటీను మరకలను విడగొట్టే ఎంజైములు ఉంటాయి. ఉన్ని కూడా ప్రోటీనే గనుక వాటి ప్రభావం గుడ్డపైనా ఉంటుంది.
* హైడ్రోజన్ పెరాక్సైడ్: మరకతోపాటు గుడ్డ రంగు కూడా తెల్లబడుతుంది.
* కుంకుడు రసం: పట్టుచీరలకు, ఉన్ని దుస్తులకు ఇది మంచిదే. అయితే ఆ దుస్తులను నీటిలో జాడిస్తారు. జాడించే వీలు లేని బల్లపై దీని గోధుమరంగు, జిగట మిగిలిపోతాయి.
* గట్టి బ్రష్, పీచు, గరుకు స్పాంజి: ఇవి నేతను లేపి నూలుపోగులను తెంపుతాయి.
* హెయిర్ డ్రయ్యరు, వేడి ఇస్త్రీ: తడిగా ఉన్న ఉన్నిని కుదిస్తాయి, మిగిలిన మరకను స్థిరపరుస్తాయి.

మరకలుగా పొరబడేవి

బల్లపై కనిపించే ప్రతి మచ్చా మరక కాదు. క్యూ కర్ర మొనకు రాసే చాక్ బడిలో రాసే సుద్ద కాదు. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్, విలియం హోస్కిన్స్ పేటెంటు పొందిన మిశ్రమం నుండి నేటి చాక్ వచ్చినది. ఇందులో సిలికా, అల్యూమినియం ఆక్సైడ్ వంటి గట్టి కణాలు ఉంటాయి. ఇవి నేతలో దిగి బంతుల కింద సాన వలె గుడ్డను అరగదీస్తాయి. చాక్ మచ్చలకు నీరు తగిలితే పొడి ముద్దయి లోనికి ఇంకుతుంది. అందుచేత చాక్‌ను పొడిగానే వాక్యూమ్ యంత్రంతో తీయాలి. ఆరిన పాత మరకను శుభ్రపరచే ముందు కూడా ఆ చోట చాక్ పొడిని తప్పనిసరిగా తొలగించాలి.

పూల్ బల్లపై తెల్లని చుక్కలు, గీతలు కనిపిస్తాయి. బంతిని గట్టిగా కొట్టినప్పుడు అది గుడ్డపై జారుతూ పుట్టించే రాపిడి వేడికి పోగులు మాడడం వలన ఇవి ఏర్పడతాయి. ఆట ప్రారంభంలో బంతులను పగులగొట్టే చోట ఇవి ఎక్కువ. ఇది గుడ్డకు తగిలిన గాయమే గాని మురికి కాదు. ఎంత తుడిచినా పోదు. అలాగే కొన్నేళ్లు వాడిన బల్లపై బంతులు తరచుగా తిరిగే దారులు రంగు వెలిసి కనిపిస్తాయి.

ఆరబెట్టడం, పరీక్షించడం

తడిసిన బల్లను గది ఉష్ణోగ్రత వద్ద, ఫ్యాను గాలికి కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. వర్షాకాలంలోను, సముద్రతీర ప్రాంతాలలోను ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు. పూర్తిగా ఆరకముందు బల్లపై కప్పు వేయరాదు. కప్పు కింద చిక్కిన తేమకు బూజు పడుతుంది. ప్రధాన స్నూకర్ పోటీలలో పలకరాయి కింద హీటర్లు అమర్చి గుడ్డను పొడిగా ఉంచుతారు. గాలిలోని కొద్దిపాటి తేమ కూడా బంతి వేగాన్ని తగ్గించడమే ఇందుకు కారణం.

ఆరిన తరువాత నూగు గల గుడ్డను మెత్తని బ్రష్‌తో నూగు దిశగా మాత్రమే దువ్వాలి. ఆపై బల్లకు ప్రత్యేకించిన ఇస్త్రీపెట్టెను తక్కువ వేడిలో అదే దిశగా, ఎక్కడా ఆపకుండా నడపవచ్చు. వేడి సరిపోయినదీ లేనిదీ తెలియడానికి ఇస్త్రీపెట్టెను ముందుగా కాగితంపై ఉంచి చూస్తారు. కాగితం రంగు మారితే ఆ వేడి గుడ్డకు ప్రమాదకరం. నూగు లేని గుడ్డకు సాధారణంగా ఇస్త్రీ అవసరం లేదు. స్నూకర్ బల్లపై బాక్ గీత, దానికి చేర్చి గీసిన అర్ధవృత్తం తడికి చెదిరిపోతే కొలతల ప్రకారం మరల గీయాలి. బాక్ గీత ఆ వైపు కుషన్ ముఖం నుండి 737 మిల్లీమీటర్ల దూరంలోను, అర్ధవృత్తం 292 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతోను ఉండాలి.

శుభ్రత ఫలితాన్ని కంటితో కాక బంతితో పరీక్షించాలి. ఒక బంతిని మరక ఉన్న చోటు మీదుగా అతి నెమ్మదిగా, వేర్వేరు దిశలలో దొర్లించి చూడాలి. అదే వేగంతో శుభ్రమైన చోట కూడా దొర్లించి పోల్చాలి. నూగు గల గుడ్డపై నెమ్మదిగా సాగే బంతి సహజంగానే కొంత పక్కకు జరగవచ్చు గనుక ఈ పోలిక అవసరం. మరక ఉన్న చోట మాత్రమే బంతి ఆగినా, ఎగిరినా, వంకర తిరిగినా గుడ్డలో గాని, దాని కింద గాని లోపం ఉన్నట్లు. బంతి నిలకడగా దొర్లితే, లేత మరక మిగిలి ఉన్నప్పటికీ బల్ల ఆటకు యోగ్యమైనదే.

గుడ్డను విప్పవలసిన సందర్భాలు

కప్పుడు టీ ఒలికితే బల్లను విప్పనవసరం లేదు. సీసాడు పానీయం ఒలికినా, పైకప్పు నుండి వాన నీరు కారినా, ద్రవం గుడ్డ గుండా కిందికి దిగుతుంది. దీని వలన కలిగే నష్టాలు ఇవి:

* పలకరాళ్ల అతుకులను పూడ్చిన పదార్థం మెత్తబడి లేదా ఊడి, అక్కడ ఎత్తుపల్లాలు ఏర్పడవచ్చు.
* గుడ్డను జిగురుతో అంటించిన బల్లలలో జిగురు వదలి గుడ్డ బుడగ వలె లేస్తుంది.
* మేకులు, స్టేపుల్ పిన్నులు తుప్పుపట్టి గుడ్డ అంచుకు తుప్పు మరకలు పడతాయి.
* తడిసిన గుడ్డ ఆరేటప్పుడు అసమానంగా కుదించుకొని బిగువు మారుతుంది.
* అట్ట బల్ల అయితే ఉబ్బి, బల్లే పనికిరాకుండా పోవచ్చు.

ఇటువంటప్పుడు బల్లలు అమర్చే పనివారిని పిలిపించి, కుషన్లు తీయించి, గుడ్డ అంచును విప్పి లేపి, కింది భాగాన్ని తుడిచి ఆరబెట్టించాలి. గుడ్డను అన్ని వైపులా సమానమైన బిగువుతో మరల లాగి బిగించడం నైపుణ్యం గల పని గనుక అనుభవం లేనివారు పూనుకొనరాదు. విప్పిన గుడ్డను ఇంటిలో ఉతికి తిరిగి పరచడం కూడా సరికాదు. ఉతికిన ఉన్ని కుదించుకుపోతే అది బల్లకు చాలదు. గుడ్డ పాతదై, విప్పక తప్పని స్థితి వస్తే కొత్తది వేయించడమే లాభసాటి.

నివారణ

* బల్ల అంచులపై గ్లాసులు, సీసాలు ఉంచకూడదు. వాటి కొరకు బల్లకు దూరంగా చిన్న బల్లను ఏర్పాటు చేయాలి. అనేక క్లబ్బులలో ఇది నియమం.
* తినుబండారాలు తిన్న తరువాత చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకొని ఆడాలి.
* చాక్‌ను బల్లపై పట్టుకొని రాయరాదు, బల్లకు దూరంగా జరిగి రాయాలి.
* బంతులను అప్పుడప్పుడు తుడవాలి. మురికి బంతి తిరిగిన చోటల్లా మురికి అంటిస్తుంది.
* నూగు లేని గుడ్డను తిరిగే బ్రష్ లేని వాక్యూమ్ యంత్రంతోను, నూగు గల గుడ్డను మెత్తని బ్రష్‌తోను తరచుగా శుభ్రపరచాలి.
* ఆట లేనప్పుడు పొడిగా ఉన్న బల్లపై కప్పు వేయాలి. ఇది దుమ్మును, ఎండను, పెంపుడు పిల్లులను దూరంగా ఉంచుతుంది.
* ఉన్నిని తినే చిమ్మట పురుగులు చెమట, ఆహారపు మరకలు ఉన్న చోటును ముందుగా ఎంచుకుంటాయి. ఎక్కువ కాలం వాడని బల్లను కప్పే ముందు శుభ్రపరచడానికి ఇది మరొక కారణం.
* బల్ల వద్ద రెండు మూడు పొడి తెల్లని నూలు గుడ్డలను ఎల్లప్పుడూ ఉంచాలి. ద్రవం ఒలికిన తరువాత గుడ్డ కొరకు వెతికే సమయంలోనే అది ఉన్నిలోకి ఇంకిపోతుంది.

ఇవి కూడా చూడండి

* స్నూకర్
* బిలియర్డ్స్
* పూల్ ఆట
* ఉన్ని
* గొంగడి
* టానిన్
* పసుపు